ఊరిని నెలల తరబడి ముట్టడిస్తే అంతర్యుద్ధం తేలిపోతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "సూడాన్‌లో అల్ ఫాషిర్ నగరం ఏడాదిన్నర ముట్టడి తర్వాత పడిపోయింది. ఇక ఆ యుద్ధం తేలిపోయినట్టేనా? చరిత్రలో ఊరిని చుట్టుముట్టి ఆకలితో లొంగదీసుకున్నవాళ్లే చివరికి అంతర్యుద్ధం గెలిచారా?"

నేను చరిత్రకారుణ్ని కాను. సైన్యంలో సప్లై విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సొంతూరు కావలి దగ్గర, ఇప్పుడు ఉండేది చెన్నైలో, ఆవడి వైపు. శాంతిసేనతో 1987 చివర్లో జాఫ్నా వెళ్లాను. ఐక్యరాజ్యసమితి మిషన్‌లో 1996లో అంగోలాలో ఉన్నాను. రెండు చోట్లా నా పని ఒకటే: ఎంతమంది ఉన్నారు, సరుకు ఎన్ని రోజులకు వస్తుంది, తర్వాతి లోడు ఏ దారిన రావాలి. ముట్టడి గురించి ఎక్కడ చదివినా నా కళ్లు ముందు ఇవే వెతుకుతాయి. కాబట్టి ఈ సమాధానం కూడా గోదాము తాళాలు పట్టుకు తిరిగినవాడి సమాధానం అనుకోండి.

సూటిగా చెబుతాను. ఊరు పడిందా, నిలబడిందా అన్నదొక్కటే యుద్ధాన్ని తేల్చదు. ఆ ముట్టడి వల్ల ఏ దారి తెగింది, ఎవరి బలగం ఎక్కువగా అక్కడ ఇరుక్కుపోయింది, చివర్లో లోపలివాళ్లను ఎలా బయటికి పంపారు, ఇవి తేలుస్తాయి. మొదటి రెండింటి గురించి చాలామంది రాశారు. మూడోదాన్ని పెద్దగా పట్టించుకోరు. అదే అన్నిటికంటే ఎక్కువ కాలం వెంటాడుతుందని నా నమ్మకం.

మనకు కోట యుద్ధం అనగానే బొబ్బిలి గుర్తొస్తుంది. అది 1757 జనవరిలో ఒక్క రోజులో ముగిసింది. గోల్కొండ అలా కాదు. 1687లో ఎనిమిది నెలలు నిలబడి, చివరికి లోపలివాడే రాత్రిపూట తలుపు తీస్తే పడింది. మీరు అడిగింది గోల్కొండ తరహా గురించి. అక్కడ ఫిరంగి దెబ్బ కంటే కొట్లో గింజలు ఎన్నాళ్లొస్తాయి, కాపలావాడి మనసు ఎన్నాళ్లు గట్టిగా ఉంటుంది అన్నవే ముఖ్యం.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. లక్షమంది ఉన్న ఊరు అనుకోండి. మనిషికి రోజుకు అరకిలో గింజలు వేసుకున్నా రోజుకు 50 టన్నులు. పది టన్నుల లారీలు ఐదు చాలు. అందుకే ఎంత బిగించిన ముట్టడిలోనైనా తిండి ఏదో ఒక దారిన కాస్త లోపలికి చేరుతూనే ఉంటుంది. ఇప్పుడు నీళ్లు చూడండి. విపత్తుల్లో సహాయ సంస్థలు పెట్టుకునే కొలత మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు. అంటే 1,500 టన్నులు, 150 లారీలు. అంత నీటిని ఎవరూ మోసుకు రాలేరు. బావి, చెరువు, నది, పైపు లోపల ఉంటే ఊరు ఉంటుంది, లేకపోతే లేదు.

దీన్ని నేను ఎలిఫెంట్ పాస్ దగ్గర కళ్లారా చూశాను. తమిళంలో ఆనైయిరవు అంటారు. జాఫ్నా ద్వీపకల్పాన్ని మిగతా లంకతో కలిపే సన్నని నేల అది, అటూ ఇటూ ఉప్పునీటి కయ్య, పక్కనే ఉప్పుమడులు. 1988లో మా కాన్వాయ్ అక్కడ ఆగినప్పుడల్లా తాగునీటి ట్యాంకరు వెనకబడకుండా చూసుకోవడమే నాకు పెద్ద టెన్షన్. పన్నెండేళ్ల తర్వాత, 2000 ఏప్రిల్‌లో, ఎల్‌టీటీఈ ఆ స్థావరాన్ని పట్టుకుంది. 1991లో ఎదురుగా దాడి చేసి ఓడిపోయినవాళ్లు ఈసారి వెనక తీరంలో దిగి ఏ9 రోడ్డు కోశారు. తర్వాత మంచినీటి బావులున్న ఇయక్కచ్చి మీద పడ్డారు. బావులు పోయాక వేలమంది సైనికులున్న స్థావరాన్ని శ్రీలంక సైన్యం వదిలేసి వెనక్కి వచ్చేసింది. ఆ వార్త చదివిన రోజు నాకు మా ట్యాంకరే గుర్తొచ్చింది.

అయినా ఎల్‌టీటీఈ జాఫ్నా ఊరిని తిరిగి పట్టుకోలేకపోయింది. 2002లో కాల్పుల విరమణ దాకా వచ్చింది కానీ, 2009 మేలో యుద్ధం మొత్తం ఓడిపోయింది. అది కూడా అంతకంతకూ ఇరుకైపోయిన తీరం ముక్కలో, లక్షలమంది మామూలు జనం మధ్య. ముట్టడిలో గెలవడానికీ యుద్ధంలో గెలవడానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో మన పక్క దేశమే చూపించింది.

ఇంకో సంగతి, పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది: వంటకు మంట. జాఫ్నాలో ఒక ముందు పోస్టుకు నేను ఇండెంటు రాస్తూ కిరోసిన్ వేయడం మర్చిపోయాను. పిండి ఉంది, బంగాళాదుంపలు ఉన్నాయి, పప్పు ఉంది. దారిలో మందుపాతర పేలి మూడు రోజులు రోడ్డు మూసేశారు. ఆ మూడు రోజులూ వాళ్లు బిస్కెట్లు, అటుకులతో గడిపారు. తిరిగొచ్చాక ఆ పోస్టు సుబేదారు నన్నొక్క మాట అనలేదు, అదే నాకు ఇంకా బాధ. ముట్టడిలో ఉన్న బోస్నియా రాజధాని సరాయెవోలో జనం పార్కుల్లో చెట్లు నరికి పొయ్యిలో పెట్టుకున్నారని చదివితే నాకు ఆశ్చర్యం కలగలేదు. పచ్చి బియ్యం తిని ఎవరూ బతకరు.

ముట్టడిలో ముందు మాడేది మామూలు జనం, చివర మాడేది సైనికులు. దీనికి మినహాయింపు నాకు ఇంతవరకు దొరకలేదు. తుపాకీ ఉన్నవాడి చేతికే గోదాము తాళం పోతుంది. బయటివాడికీ ఇది తెలుసు. తెలిసీ ముట్టడి వేస్తాడు, లోపలి జనం ఆకలి సైన్యం మీద ఒత్తిడి పెడుతుందని.

చైనా అంతర్యుద్ధంలో చాంగ్‌చున్ దీనికి అతి ఘోరమైన ఉదాహరణ. 1948 మే నుంచి అక్టోబరు దాకా, దాదాపు 150 రోజులు, కమ్యూనిస్టు సైన్యం ఆ నగరాన్ని బిగించింది. లోపల జాతీయవాదుల సైన్యం. ఆకలికి తాళలేక బయటికి వచ్చిన జనాన్ని బయటి సైన్యం దాటనివ్వలేదు, లోపలి సైన్యం వెనక్కి రానివ్వలేదు. రెండు కంచెల మధ్య నేల మీదే వాళ్లు చనిపోయారు. ఎంతమంది అన్నదానిపై అంచనాలు రకరకాలుగా ఉన్నా, లక్షకు తక్కువని చెప్పేవాళ్లు అరుదు.

అంతమంది జనం చచ్చినా లోపలి సైన్యం చలించలేదు. దాన్ని కదిలించింది బియ్యం పంపకం. విమానాల నుంచి జారవిడిచిన బియ్యంలో తమకు తక్కువ వాటా వస్తోందని యునాన్ ప్రాంతం నుంచి వచ్చిన 60వ సైన్యం రగిలిపోయింది. అక్టోబరు 17న అది అవతలి పక్షానికి మారింది. రెండు రోజుల్లో నగరం పడింది. నా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది గుండెల్లో దిగే కథ. ఒకే ఊళ్లో రెండు యూనిట్లుంటే పంపకం సమానంగా ఉండాలి, సమానంగా ఉన్నట్టు అందరికీ కనబడాలి కూడా. పరాయి దేశంతో యుద్ధంలో ఓడినవాడు ఖైదీ అవుతాడు. అంతర్యుద్ధంలో అవతలివాడూ మన భాషే మాట్లాడతాడు, కాబట్టి పక్షం మారే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కడుపు కాలినప్పుడు ఆ దారి బాగా దగ్గరగా కనిపిస్తుంది.

చాంగ్‌చున్ ప్రభావం చాంగ్‌చున్‌తో ఆగలేదు. 1949 జనవరిలో కమ్యూనిస్టులు తియాన్‌జిన్‌ను ఒక రోజు పైచిలుకులో దాడితో పట్టుకున్నారు. ఆ పక్కనే బేపింగ్‌లో, అంటే నేటి బీజింగ్‌లో, జాతీయవాదుల సేనాపతి ఫు జువోయి పోరాటం లేకుండా నగరం అప్పగించాడు. ముందు ఊళ్లకు ఏం జరిగిందో ఆయనకు తెలుసు. ఒక ఊరి ముట్టడి తర్వాతి ఊరి తలుపు తీయిస్తుంది. ఇలా జరిగిన చోట మాత్రం ముట్టడి యుద్ధాన్ని నిజంగా త్వరగా ముగిస్తుంది. ఎంత మూల్యానికి అన్నది పైన రాశాను.

ఇప్పుడు దారి సంగతి. అమెరికా అంతర్యుద్ధంలో విక్స్‌బర్గ్ దక్షిణాది చేతిలోని చిన్న ఊరు. కానీ మిసిసిపీ నది మలుపు మీద ఎత్తున ఉంది. నది మీద పడవ పోవాలంటే ఆ గట్టు మీది ఫిరంగుల కింద నుంచి పోవాలి. 1863 మేలో ఉత్తరాది సేనాపతి గ్రాంట్ రెండుసార్లు నేరుగా దాడి చేసి దెబ్బతిన్నాక చుట్టూ కందకాలు తవ్వి కూర్చున్నాడు. జనం మట్టి గుట్టల్లో గుహలు తవ్వుకుని వాటిలో బతికారు, కంచరగాడిద మాంసం తిన్నారు. 47 రోజుల తర్వాత, జూలై 4న, ఊళ్లోని దక్షిణాది సేనాపతి పెంబర్టన్ 29 వేలకు పైగా సైనికులతో లొంగిపోయాడు. అయిదు రోజులకు దిగువన పోర్ట్ హడ్సన్ కూడా పడింది. నది మొత్తం ఉత్తరాది చేతికి వచ్చింది, దక్షిణాది రెండు ముక్కలైంది. టెక్సస్ వైపు పశువులు, గింజలు ఇటు రావడం ఆగిపోయింది. విక్స్‌బర్గ్ బదులు నదికి యాభై మైళ్ల అవతల ఉన్న ఊరు ఏదైనా పడి ఉంటే అది పత్రికలో ఒక వార్త అయ్యేది, అంతే.

ఆ మరుసటి ఏడాది పీటర్స్‌బర్గ్ వేరే రకం. 1864 జూన్ నుంచి 1865 ఏప్రిల్ దాకా తొమ్మిది నెలలకు పైగా. నిజానికి ఊరు పూర్తిగా చుట్టుముట్టబడలేదు కూడా. గ్రాంట్ ఒక్కో రైలు మార్గాన్ని కోస్తూ తన కందకాన్ని పక్కకు సాగదీశాడు, దక్షిణాది సేనాపతి లీ కూడా తన కొద్దిపాటి సైన్యంతో సాగదీయక తప్పలేదు. చివరికి ఆ గీత 50 కిలోమీటర్లు దాటింది. లీ అక్కడ కట్టేసినట్టు ఉండిపోయాడు. అదే సమయంలో ఉత్తరాది సేనాపతి షెర్మన్ జార్జియాను చీల్చుకుంటూ సముద్రం దాకా నడిచాడు, అతన్ని ఆపడానికి పంపేందుకు లీ దగ్గర మనుషుల్లేరు. ఆఖరి రైలు మార్గం తెగిన వారంలోనే లొంగుబాటు జరిగింది.

కానీ ఈ కట్టేసే గుణం రెండు వైపులా కోస్తుంది. చెన్నైలో ఉన్నవాళ్లకు దీని ఉదాహరణ రెండు గంటల ప్రయాణం దూరంలో ఉంది. కర్ణాటక నవాబు గద్దె కోసం మహమ్మద్ అలీ, చందా సాహెబ్ కొట్టుకున్నారు. పాఠ్యపుస్తకాలు దాన్ని ఇంగ్లీషు, ఫ్రెంచివారి యుద్ధంగా చెబుతాయి. ఇక్కడి రైతుకు మాత్రం అది అక్షరాలా అంతర్యుద్ధమే, ఇద్దరు నవాబుల మనుషులూ వచ్చి పన్ను అడిగారు. 1751లో చందా సాహెబ్ తిరుచ్చిలో మహమ్మద్ అలీని ముట్టడించాడు. ఆ ముట్టడి అలాగే సాగి ఉంటే బహుశా గెలిచేవాడే. మహమ్మద్ అలీ తరఫున ఇంగ్లీషువాడు క్లైవ్ దాదాపు 500 మందితో వెళ్లి రాజధాని ఆర్కాట్‌లో కూర్చున్నాడు. చందా సాహెబ్ తన కొడుకు రాజా సాహెబ్‌కు సైన్యం ఇచ్చి అటు పంపాడు. తిరుచ్చి దగ్గర పట్టు సడలింది. ఆర్కాట్ కోటలో వాళ్లు 50 రోజులు నిలబడ్డారు. అప్పటిదాకా దూరం నుంచి చూస్తున్న మన గుత్తి మురారిరావు, వీళ్లు నిలబడేలా ఉన్నారని తెలిశాక తన గుర్రపు దళంతో ఇటువైపు కదిలాడు. మరుసటి ఏడాది చందా సాహెబ్ పక్షమే శ్రీరంగం దీవిలో ముట్టడిలో చిక్కి లొంగిపోయింది, ఆయన ప్రాణం పోయింది.

మురారిరావు కదిలిన తీరు గమనించండి. అంతర్యుద్ధంలో గట్టు మీద కూర్చుని చూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు: చిన్న సేనానులు, వ్యాపారులు, పక్క దేశాలు. వాళ్లకు ముట్టడి ఒక పరీక్షలా పనికొస్తుంది. ఎవరు ఎన్నాళ్లు నిలబడతారో చూసి అటు మొగ్గుతారు. ముట్టడిలో ఉన్నవాడు గెలవక్కర్లేదు, తాను ఇంకా పడలేదని చూపిస్తే చాలు.

స్పెయిన్‌లో ఇది ఇంకా చిత్రంగా జరిగింది. 1936 జూలైలో టొలేడో అల్కజార్ కోటలో, ప్రభుత్వం మీద తిరగబడిన సేనాపతి ఫ్రాంకో పక్షంవాళ్లు చిక్కుకున్నారు. మాడ్రిడ్ మీదికి దూసుకొస్తున్న ఫ్రాంకో సెప్టెంబరులో దారి మళ్లి ముందు వాళ్లను విడిపించాడు. ఆయన పేరు మారుమోగిపోయింది, రెండు మూడు రోజుల్లోనే తన పక్షానికి అధినేత అయ్యాడు. కానీ ఆ మళ్లింపులో పోయిన సమయంలో మాడ్రిడ్ సర్దుకుంది. నవంబరు మొదట్లో ఆయన మాడ్రిడ్ చేరేసరికి సోవియట్ ఆయుధాలు, అంతర్జాతీయ దళాలు వచ్చేశాయి. మాడ్రిడ్ రెండేళ్లకు పైగా పడలేదు. ఊరి జనానికి రోజూ అదే పప్పు, దానికి ప్రధాని నెగ్రిన్ పేరు పెట్టి "డాక్టర్ నెగ్రిన్ మాత్రలు" అనేవారు. చివరికి ఫ్రాంకో ఆ గోడను బద్దలు కొట్టి లోపలికి రాలేదు. మిగతా దేశం, ముఖ్యంగా కాటలోనియా, చేజారాక 1939 మార్చిలో మాడ్రిడ్ లోపలే ఒక వర్గం తమ ప్రభుత్వం మీద తిరగబడింది. మార్చి 28న నగరం అప్పగించేశారు. అంటే మాడ్రిడ్ నిలబడటం వల్ల యుద్ధం రెండేళ్లు సాగింది, ఫలితం మాత్రం మారలేదు.

అంగోలా గురించి కాస్త ఎక్కువ రాస్తాను, అక్కడ నేను నడిచాను కాబట్టి. 1992 ఎన్నికల ఫలితాన్ని తిరుగుబాటు దళం యునిటా నాయకుడు సావింబి ఒప్పుకోలేదు, యుద్ధం మళ్లీ మొదలైంది. 1993లో యునిటా హువాంబో నగరాన్ని 55 రోజుల పోరులో పట్టుకుంది. కుయిటో అనే ఇంకో ఊరిని తొమ్మిది నెలలు బిగించింది, పట్టుకోలేకపోయింది. నేను 1996లో కాన్వాయ్‌తో అక్కడికి వెళ్లాను. ఊరి మధ్య పెద్దవీధికి ఇటు ప్రభుత్వ సైన్యం, అటు యునిటా. వీధి వెడల్పే సరిహద్దు. మేం వెళ్లేసరికి కూడా ఆ వీధిలో గుండు తగలని గోడ వెతికితే దొరకలేదు. చిన్నపిల్లలు ఊతకర్రలతో ఆడుకుంటున్నారు, మందుపాతరలు.

అక్కడ ఒక బడిపంతులుతో దుబాసీ ద్వారా మాట్లాడాను. రాత్రిళ్లు గుంపుగా యునిటా గీత దాటి పొలాలకు పోయేవాళ్లమని, మొక్కజొన్న, కర్రపెండలం తెచ్చుకునేవాళ్లమని చెప్పాడు. వెళ్లిన అందరూ తిరిగి వచ్చేవారు కాదట. ఇంత పట్టుదలతో ఊరు ఎలా నిలబడిందని అడిగాను. "పట్టుదల కాదు, పోవడానికి చోటు లేదు" అన్నాడు. ముట్టడి వేసేవాడు లెక్క తప్పేది ఇక్కడే. బయటపడే దారి పూర్తిగా మూసేస్తే లోపలివాడికి లొంగడం, పోరాడటం రెండూ ఒకటే అవుతాయి. అప్పుడు ఊరి జనమే సైన్యమవుతారు. దారి మూయడం వల్ల ముట్టడి పొడుగవుతుంది.

యునిటా ఆ నెలలన్నీ మధ్య పీఠభూమిలో ఈ ఊళ్ల మీద ఖర్చు పెట్టింది. ప్రభుత్వానికి చమురు డబ్బుంది, ఆ వ్యవధిలో ఆయుధాలు కొని సైన్యాన్ని తిరిగి నిలబెట్టుకుంది. 1994 నవంబరులో హువాంబోను వెనక్కి తీసుకుంది, అదే నెలలో లుసాకాలో ఒప్పందం కుదిరింది. 1998లో మళ్లీ యుద్ధం, మళ్లీ కుయిటో మీదికే, మళ్లీ విఫలం. 2002 ఫిబ్రవరిలో సావింబి చనిపోయాక గానీ అది ముగియలేదు. ముట్టడిలో కాలం ఎవరి వైపు పనిచేస్తుందో చూడాలంటే ఎవరి పెట్టెలోకి డబ్బు వస్తూనే ఉందో చూడండి.

సరాయెవో గురించి తప్పకుండా ఎవరో అడుగుతారు. దాన్ని అంతర్యుద్ధం అనాలా, బయటి దేశం దాడి అనాలా అన్న వాదన ఉంది, అందులోకి పోను. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా 1,425 రోజులు. ఐక్యరాజ్యసమితి విమానాలు మూడున్నరేళ్లలో సుమారు లక్షా 60 వేల టన్నులు దించాయి. నేను కాగితం మీద వేసి చూశాను: సగటున రోజుకు 125 టన్నులు. మూడున్నర, నాలుగు లక్షల జనానికి మనిషికి 300 గ్రాముల పైచిలుకు, అదీ విమానాలు ఆగిపోయిన వారాల్ని కూడా కలిపి తీసిన సగటు. దానితో చావరు, బతకనూ బతకరు. 1993లో రన్‌వే కింద తవ్విన 800 మీటర్ల సొరంగమే ఆ లోటు పూడ్చింది. తిండి, మందులు, ఆయుధాలు అన్నీ అందులోంచే.

చుట్టూ కొండల మీద అంత బలం ఉండి కూడా ముట్టడి వేసిన సెర్బు పక్షం ఊళ్లోకి దిగలేదు. ఆ కొండల మీద ఫిరంగులు నాలుగేళ్లు అక్కడే ఉండిపోయాయి. మార్కాలే సంతలో 1994 ఫిబ్రవరిలో 68 మంది, 1995 ఆగస్టులో 43 మంది చనిపోయారు. రెండో దాడి తర్వాత రెండు రోజులకే నాటో విమానాలు బాంబులు వేశాయి. ఆ ఏడాది చివర యుద్ధాన్ని ముగించిన డేటన్ ఒప్పందంలో సరాయెవో దాదాపు మొత్తం అవతలి పక్షానికే దక్కింది. ముట్టడి వేసినవాడు తాను బిగించిన ఊరినే పోగొట్టుకున్నాడు. టీవీ కెమెరా ఉన్న ఊరి ముట్టడికీ, లేని ఊరి ముట్టడికీ ఇంత తేడా ఉండటం నాకు కోపం తెప్పిస్తుంది. కుయిటోలో కెమెరాలు లేవు.

అంతర్యుద్ధపు ముట్టడి నిజంగా గాలి చొరబడనట్టు ఉండటం చాలా అరుదు, ఇది కూడా గుర్తుంచుకోండి. బయట కాపలా కాసే సైనికుడికి జీతం సరిగా రాదు, లోపల సంచి బియ్యం ధర పదింతలు. చెక్‌పోస్టు టోల్‌గేటు అయిపోతుంది. డమాస్కస్ పక్కన తూర్పు గూటాలో ఐదేళ్లు ఇదే జరిగింది, గేటు దగ్గర వ్యాపారం చేసి రెండు వైపులా కొందరు బాగుపడ్డారు. అలాంటివాళ్లకు ముట్టడి ముగియడం నష్టం. ముట్టడి ఎందుకు ఇంత పొడుగైందని అడిగినప్పుడు వ్యూహం వెతికే ముందు గేటు దగ్గర ఎవరు వసూలు చేస్తున్నారో వెతకాలి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మూడో విషయం. లోపలివాళ్లను ఎలా బయటికి పంపారు?

సిరియాలో అసద్ ప్రభుత్వం ఒక్కో ఊరిని బిగించి లొంగదీసుకుంది: 2014లో హోమ్స్ పాత నగరం, 2016లో దరాయా, ఆ డిసెంబరులో తూర్పు అలెప్పో, 2018లో గూటా. "మోకరిల్లు, లేదా ఆకలితో చావు" అని అక్కడి సైనికులు గోడల మీద రాశారు. సైనికంగా ప్రతిచోటా గెలిచారు. ప్రతిసారీ లొంగనివాళ్లను కుటుంబాలతో సహా ఆకుపచ్చ బస్సుల్లో ఎక్కించి ఎక్కువగా వాయవ్య మూలన తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న ఇద్లిబ్‌కే పంపారు. ఇల్లు పోయినవాడు, అన్నం లేక బిడ్డను పోగొట్టుకున్నవాడు, అందరూ ఒకే మూలకు చేరారు. 2018 తర్వాత యుద్ధం అయిపోయిందనే ప్రపంచం అనుకుంది. 2024 నవంబరు 27న ఆ ఇద్లిబ్ నుంచే దాడి మొదలైంది. మూడు నాలుగు రోజుల్లో అలెప్పో, డిసెంబరు 8న డమాస్కస్. నాలుగేళ్లు కష్టపడి పట్టుకున్న అలెప్పోను కాపాడటానికి నాలుగు రోజులు కూడా నిలబడేవాళ్లు లేకపోయారు. ఇరాన్, హెజ్‌బొల్లా బలహీనపడటం, రష్యా ఉక్రెయిన్‌లో మునిగి ఉండటం, జీతాల్లేని సైన్యం, ఇవన్నీ కారణాలే. కానీ ఆ బస్సుల్ని మర్చిపోయి ఈ కథ చెప్పలేం.

దీనికి పక్కన విక్స్‌బర్గ్ పెట్టి చూడండి. లొంగినవాళ్లకు గ్రాంట్ తిండి పెట్టాడు, మళ్లీ యుద్ధం చేయబోమని సంతకం తీసుకుని ఇళ్లకు పంపాడు. వాళ్లలో కొందరు మాట తప్పి మళ్లీ తుపాకీ పట్టారు, నిజమే. ఎక్కువమంది నిరుత్సాహంతో ఊళ్లకు నడిచారు, ఆ నడకే దక్షిణాదికి ఓటమి వార్త మోసుకెళ్లింది.

చట్టం గురించి రెండు మాటలు. విక్స్‌బర్గ్ ఏడాదే, 1863లో, ఉత్తరాది సైన్యానికి రాసిన నియమావళి శత్రువును ఆకలితో లొంగదీయడాన్ని అనుమతించింది. 1977లో వచ్చిన జెనీవా ఒప్పందాల రెండో అదనపు ప్రోటోకాల్, అంతర్యుద్ధాల్లో కూడా మామూలు జనాన్ని ఆకలితో మాడ్చడాన్ని నిషేధించింది. కాబట్టి "ముట్టడి అంటే పూర్వం నుంచీ ఇంతే కదా" అనే వాదన ఈ రోజు చెల్లదు. చుట్టుముట్టి అవతలి సైన్యంతో పోరాడటం వేరు, అన్నం బండి ఆపడం వేరు.

ఇక మీరు అడిగిన అల్ ఫాషిర్. 2023 ఏప్రిల్‌లో సూడాన్ సైన్యానికీ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళాలకూ యుద్ధం మొదలైంది. దేశానికి పడమట ఉన్న దార్ఫుర్‌లో సైన్యం చేతిలో మిగిలిన ఆఖరి రాష్ట్ర రాజధాని అల్ ఫాషిర్. 2024 మే నుంచి ఆర్‌ఎస్‌ఎఫ్ ముట్టడి. ఊరి చుట్టూ మట్టికట్ట పోయడం ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది. లోపల జనం అంబాజ్ తిన్నారు, అంటే వేరుశెనగ నూనె తీశాక మిగిలే చెక్క, మన దగ్గర గొడ్లకు వేస్తాం. 2025 అక్టోబరు 26న ఊరు పడింది, ఆ వెంటనే సామూహిక హత్యల వార్తలు వచ్చాయి.

యుద్ధం తేలిందా అంటే, నా జవాబు తేలలేదనే. దార్ఫుర్ చాలావరకు తేలింది. పడమటి సరిహద్దు దారులు చాలావరకు ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి వచ్చాయి, ముట్టడిలో చిక్కిన ఆర్‌ఎస్‌ఎఫ్ బలగం తూర్పుకు, కొర్దొఫాన్ వైపు కదలగలదు. కానీ ఇదే యుద్ధంలో ఖార్తూమ్‌లో సైన్యం ప్రధాన కార్యాలయం 2023 ఏప్రిల్ నుంచి 2025 జనవరి దాకా ముట్టడిలోనే ఉంది. పడలేదు. అది విడిపడిన రెండు నెలల్లో సైన్యం అధ్యక్ష భవనాన్ని, ఖార్తూమ్‌ను తిరిగి తీసుకుంది. ఒకే యుద్ధంలో రెండు పొడుగాటి ముట్టడులు, రెండు భిన్నమైన ముగింపులు. సైన్యానికి పోర్ట్ సూడాన్ రేవు ఉంది, నైలు వెంట దారి ఉంది, అందుకే ఖార్తూమ్ సాధ్యమైంది. అల్ ఫాషిర్‌కు సాయం రావాలంటే వందల కిలోమీటర్ల ఎండు నేల దాటి రావాలి.

తర్వాతి వార్తలు చూసేటప్పుడు కొర్దొఫాన్‌లోని ఎల్ ఒబైద్ మీద కన్నేసి ఉంచండి, అది రోడ్లు కలిసే ఊరు. దానితోపాటు తవీలా కూడా చూడండి. అల్ ఫాషిర్‌కు పడమట సుమారు 60 కిలోమీటర్లలో ఉంది, తప్పించుకున్నవాళ్లు అక్కడికే నడిచి చేరారు. వాళ్లను వాళ్ల పొలాలకు తిరిగి పోనిస్తారా, వచ్చే వానలకు విత్తనం వేయనిస్తారా అని నేను రోజూ వెతుకుతున్నాను. ఇంతవరకు అలాంటి వార్త ఒక్కటీ నాకు కనబడలేదు.